హైదరాబాద్ పాకలేదు, గెంతింది

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో ప్రభుత్వం పెట్టిన వేలంపాటలో ఒక ప్లాటు ధర ఎకరానికి 100.75 కోట్ల రూపాయలు పలికింది. వారం రోజులు ఎక్కడ చూసినా అదే ముచ్చట. ఆ ముచ్చట్లలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. కోకాపేట ఉన్నది రంగారెడ్డి జిల్లాలో. 1978లో హైదరాబాద్ జిల్లాను రెండుగా చీల్చి ఈ జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు దానికి పెట్టిన పేరు హైదరాబాద్ రూరల్. కె.వి. రంగారెడ్డి పేరు ఆ తర్వాత వచ్చింది. అంత ధర పలికిన నేల సర్కారు లెక్కలో మొన్నమొన్నటి దాకా పల్లెటూరన్నమాట.

2011 జనాభా లెక్కలు తీస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. అంతకుముందు పదేళ్ళలో హైదరాబాద్ జిల్లా జనాభా 38 లక్షల నుంచి 39 లక్షలకు చేరి దాదాపు అక్కడే ఆగిపోయింది. ఒకప్పుడు ‘రూరల్’ అన్న జిల్లా మాత్రం సుమారు 36 లక్షల నుంచి 53 లక్షలకు పెరిగింది, అందులోనూ 70 శాతం మంది పట్టణవాసులే. పట్నం పెరిగిందని అందరం అంటాం గానీ, పెరిగింది పట్నం కాదు, దాని చుట్టూ ఉన్న పల్లె.

నగరం ఎలా పెరుగుతుందని అడిగితే మనకు తోచే బొమ్మ దోసె. మధ్యలో పిండి పోసి గరిటెతో తిప్పితే గుండ్రంగా పరుచుకుంటుంది. మధ్యలో సిటీ, దాని చుట్టూ శివారు, ఆ బయట పల్లెలు. 1925లో ఎర్నెస్ట్ బర్జెస్ అనే సామాజిక శాస్త్రవేత్త షికాగో నగరాన్ని చూసి ఇలాంటి వలయాల బొమ్మే గీశాడు. ఇరవై ఏళ్ళకు, 1945లో, హారిస్, ఉల్మన్ అనే భూగోళ శాస్త్రవేత్తలిద్దరు అది అన్ని చోట్లా కుదరదనీ, చాలా నగరాలకు ఒకటికి మించి కేంద్రాలు ఉంటాయనీ అన్నారు. హైదరాబాద్‌కు ఈ రెండో బొమ్మే దగ్గర. పెద్ద పెనం మీద నాలుగు చోట్ల నాలుగు చిన్న దోసెలు పోస్తే అవి పెరిగి ఒకదానికొకటి అంటుకున్నట్టు. అయితే ఆ ఇద్దరి బొమ్మలో లేనిది ఒకటి ఇక్కడుంది. మన దోసెల మధ్య పెనం ఖాళీగా లేదు. అక్కడ చెరువులతో, గుళ్ళతో, ఊరి నడుమ పాతి మొక్కే బొడ్రాయిలతో బతికున్న ఊళ్ళు ఉన్నాయి. నగరం వాటి మీదుగా గెంతి అవతల దిగింది, వెనక్కి తిరిగి ఆ మధ్య జాగాను తర్వాత తీరిగ్గా నింపుకుంది. నాలుగు వందల ఏళ్ళలో ఇదే తంతు కనీసం అయిదుసార్లు జరిగింది.

మొదటి గెంతు గోల్కొండ నుంచి. కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీళ్ళు చాలలేదు, రోగాలు ముసిరాయి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1578లోనే మూసీ మీద పురానాపూల్ కట్టేశారు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ 1591లో నది దక్షిణపు ఒడ్డున కొత్త నగరానికి చార్మినార్‌తో ముహూర్తం పెట్టాడు. పేష్వా, అంటే ప్రధాని, మీర్ మోమిన్ అస్త్రాబాదీ గీసిన నక్షాలో నాలుగు దారులు కలిసే చోటే చార్మినార్. గోల్కొండ నుంచి మచిలీపట్నం బందరుకు పోయే వర్తకపు దారిని పట్టుకునే ఊరు కట్టారు.

పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాసిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. వంతెన దాటకముందే పెద్ద పేట ఒకటి వస్తుందట. దళారులు, చేతిపనివాళ్ళు, మామూలు జనం అక్కడ ఉంటారు. లోపలి నగరంలో మాత్రం ఉద్యోగులు, ప్రభువులు, సైనికాధికారులే. వర్తకులు పొద్దున పది పదకొండు గంటలకు నగరంలోకి వచ్చి బేరాలు చూసుకుని సాయంత్రం నాలుగు అయిదింటికి తిరిగి ఇళ్ళకు పోతారని రాశాడు. పొద్దున పోవడం, సాయంత్రం రావడం అనే మన రోజువారీ బాధ మెట్రోతో మొదలైంది కాదు, పురానాపూల్ మీదే మొదలైంది. తేడా అల్లా, అప్పుడు పెద్దవాళ్ళు లోపల, పనివాళ్ళు బయట.

ఆ నగరానికి మొదట్లో గోడ కూడా లేదు. ప్రాకారం పద్దెనిమిదో శతాబ్దంలో మొదలై 1740 ప్రాంతంలో పూర్తయింది. దాని దర్వాజాల్లో ఇప్పుడు నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ దగ్గరి రెండే. గోడ కట్టాక ‘లోపల’, ‘బయట’ అనే మాటలకు మొదటిసారి గట్టి అర్థం వచ్చింది.

రెండో గెంతు మన ఇష్టంతో జరిగింది కాదు. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ళ పటాలాన్ని నగరానికి ఆనించి పెట్టడం ఇద్దరికీ ఇష్టం లేదు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేశారు. 1806లో దానికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు వచ్చింది గానీ, జనం నోట్లో అది లష్కర్, సైన్యపు విడిది. 1874లో రైలు వచ్చింది కూడా ముందు లష్కర్‌కే. నాంపల్లి స్టేషన్ రావడానికి 1907 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో ఒక చెరువు, దాని మీద కట్ట. కట్టకు అటొక పాలన, ఇటొక పాలన. రెండు మునిసిపల్ కార్పొరేషన్లు కలిసి ఒకటయ్యేసరికి 1960 వచ్చింది. ఇప్పటికీ సికింద్రాబాద్ పాతవాళ్ళు ‘హైదరాబాద్ పోయొస్తా’ అంటే నవ్వకండి. వాళ్ళు సరిగ్గానే అంటున్నారు.

ఆషాఢంలో బోనాలు ఏ వరసలో జరుగుతాయో చూడండి. ముందు గోల్కొండ జగదాంబ, తర్వాత లష్కర్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ సింహవాహిని. కోట, కంటోన్మెంటు, పాత నగరం. ఈ నగరానికి గుండెకాయ ఒకటి కాదని చెప్పడానికి ఏ నక్షా అక్కర్లేదు.

మూడో గెంతు నీళ్ళు చేయించాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి దాదాపు పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వెంటనే 1911లో ప్లేగు. వరదను ఎలా ఆపాలో చెప్పమని విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి మురికివాడలు తీసేసి రోడ్లు వేసింది, పేదలకు ఇళ్ళు కట్టింది. పత్థర్‌గట్టి, మొజంజాహీ మార్కెట్ ఈ కాలపు పనులే.

ఇళ్ళ కన్నా పెద్ద మార్పు మనసుల్లో వచ్చింది. నది ఒడ్డు అంటే భయం పట్టుకుంది, ఎత్తు మీద నేలకు గిరాకీ వచ్చింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాత నగరంలోని చౌమహల్లాలో కాకుండా మూసీకి ఉత్తరాన కింగ్‌కోఠీలో కాపురం ఉన్నాడు. రాజు నది దాటితే కొలువు ఆగుతుందా? అమీర్లు సోమాజిగూడ, బేగంపేట వైపు, ఉద్యోగులు నారాయణగూడ, హిమాయత్‌నగర్ వైపు సర్దుకున్నారు. 1930ల్లో నిజాం సర్కారు అధికారి మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్ రాళ్ళ మధ్య ఇల్లు కట్టుకున్నప్పుడు అది ఊరికి ఎంతో దూరం. పాత నగరం వెనకబడిందని ఇవాళ అనే మాట వెనక మొదటి కారణం ఇదే. డబ్బు, అధికారం, కుళాయి నీళ్ళు ముందే నది దాటాయి. తర్వాత 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వాటి మీద బతికిన దేవిడీలు, అంటే అమీర్ల భవంతులు, ముక్కలై అమ్ముడుపోయాయి. రెండో దెబ్బ అది.

ఇక్కడ కొంచెం ఆగి భూమి సంగతి మాట్లాడుకోవాలి. ఇది తెలియకపోతే నాలుగో గెంతు అర్థం కాదు. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న జిల్లా పేరు అత్రాఫ్-ఎ-బల్దా, ‘పట్నం చుట్టుపక్కల’ అని అర్థం. అది సర్ఫ్-ఎ-ఖాస్, నిజాం సొంత ఖర్చులకు రాసిపెట్టిన నేల. 1949లో అది ప్రభుత్వంలో కలిసింది. మామూలుగా నగరం చుట్టూ ఉన్న నేల వేల మంది రైతుల చేతుల్లో చిన్న చిన్న చెలకలుగా ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలంటే ఒక్కొక్కరినీ ఒప్పించాలి. ఇక్కడ మాత్రం పట్టా పొలాల పక్కనే సర్కారు చేతిలో పెద్ద పెద్ద కమతాలు, గుట్టలు, కంచలు మిగిలాయి. అందుకే 1960ల నుంచి ఢిల్లీ సర్కారు వరసపెట్టి కర్మాగారాలు దించింది. బాలానగర్‌లో ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, చర్లపల్లి వైపు ఈసీఐఎల్, కంచన్‌బాగ్‌లో మిధాని. 1972లో పటాన్‌చెరు దగ్గర అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1974లో గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం. విశ్వవిద్యాలయానికి అనుకున్న నేలే సుమారు 2,300 ఎకరాలు. 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన నాలుగు వందల ఎకరాల కంచ గచ్చిబౌలి వివాదం వేళ్ళు అక్కడే ఉన్నాయి. ‘కంచ’ అంటే ఊరి పశువులు మేసే బీడని ఆ వాదనల్లో ఎంతమందికి గుర్తొచ్చిందో.

ఈ ఫ్యాక్టరీలన్నీ అప్పటి ఊరికి పది పాతిక కిలోమీటర్ల అవతల పడ్డాయి. ప్రతిదాని పక్కనా క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, మార్కెట్. ఇవి శివారు కాదు, అడవిలో దిగిన చిన్న పట్నాలు. అసలు ఆట ఆ తర్వాత మొదలైంది. బీహెచ్‌ఈఎల్‌కూ అమీర్‌పేటకూ మధ్య బొంబాయి రోడ్డు మీద బస్సులు పడ్డాయి. రోడ్డు పక్క చెలకలు కొని ఎన్జీవోలు (నాన్‌గెజిటెడ్ సర్కారు ఉద్యోగులు), బ్యాంకు ఉద్యోగులు సొసైటీలు పెట్టి కాలనీలు వేశారు. హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ కట్టింది. ఈసీఐఎల్‌కూ సికింద్రాబాద్‌కూ మధ్య ఏ.ఎస్. రావు నగర్ లేచింది. మా పెద్దమ్మ వాళ్ళు కేపీహెచ్‌బీలో ఇల్లు తీసుకున్నప్పుడు ‘అంత దూరం, ఆ అడవిలో ఏముంటార’ని చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నారట. ఆమె చాలా ఏళ్ళు కోఠికి పోవాలంటే ‘సిటీకి పోయొస్తా’ననే చెప్పి 218 బస్సు ఎక్కేది. ఇప్పుడు ఆ చుట్టాలే అక్కడ పార్కింగ్ దొరకదని విసుక్కుంటారు.

అయిదో గెంతు అందరికీ తెలిసిందే. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ పైన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. దీని గురించి ఇప్పటికే చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఒక్క మాట తప్ప. ఐటీ పడమటికి పోయిందంటారు గానీ, పడమటికి మొత్తంగా పోలేదు. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్ళు పాడవకుండా 1996లో ఇచ్చిన 111 జీవో వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. అందుకే కోకాపేటలో ఆకాశం అంటే మేడలు, గండిపేట దాటి కొంచెం పోతే మామిడితోటలు, ఫామ్‌హౌసులు. మధ్యలో ఉన్నది ప్రకృతి గీత కాదు, జీవో గీత. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. 1908 వరద ఏ వైపు ఎదగాలో చెప్పింది, ఆ వరద కట్టించిన చెరువులు ఏ వైపు ఎదగకూడదో చెప్పాయి.

ఇక ఈ గెంతుల కింద పడిన ఊళ్ళ సంగతి.

తెలంగాణ ఊరి కట్టుబడి ఒకటుంది. పైన చెరువు, కట్ట కింద చెరువు నీళ్ళతో పండే తరి పొలాలు, పక్కన ఎత్తు మీద వానను నమ్ముకున్న ఖుష్కి చెలకలు, అవతల కంచ. ఇళ్ళుండేది గ్రామకంఠంలో, నీరు నిలవని మెరక మీద. నడుమ బొడ్రాయి. ఊరికి విడిగా, తరచుగా అంత మంచిది కాని జాగాలో, మాల మాదిగ వాడలు. నగరం వచ్చినప్పుడు చెరువు కాక మిగతా అయిదింటికీ అయిదు రకాల గతి పట్టింది.

కంచ సర్కారుది కాబట్టి ముందు పోయింది, క్యాంపస్ అయింది. చెలకలు సొసైటీల కాలనీలయ్యాయి. వాడలకు సర్కారు పంచిన అసైన్డ్ భూమిని అమ్ముకోవడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. పక్కవాడి పట్టా నేల కోట్లు పలుకుతుంటే ఆ రైతు చూస్తూ కూర్చోవాలి, లేదా దొంగచాటుగా సగానికి సగం ధరకు వదులుకోవాలి. ఈ ఊళ్ళలో ఎవరు బాగుపడ్డారు, ఎవరు వాచ్‌మన్లయ్యారు అన్నది చాలా మటుకు ఇక్కడే తేలిపోయింది.

తరి పొలాలది ఇంకో కథ. చెరువు కట్ట కింద ఇల్లు కట్టకూడదని ఊళ్ళో పిల్లవాడికి కూడా తెలుసు. అందుకే అక్కడ వరి వేశారు, ఇళ్ళు మెరక మీద కట్టారు. చెరువు నీళ్ళు అవసరం లేని రోజులు వచ్చాక ఆ పల్లపు నేలే చవకగా దొరికింది, చదునుగా ఉంది, ప్లాట్లు కొట్టడానికి వీలుగా ఉంది. ఎండాకాలంలో చూసి కొన్నవాళ్ళకు శిఖం (చెరువు లోపలి నేల), ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు) అనే మాటలు తెలియవు. 2020 అక్టోబర్ వానలకు నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. మునిగినవాటిలో చాలా చోట్ల పాత గ్రామకంఠం మాత్రం తడిసి ఊరుకుంది. వాన తప్పు కాదది, ఊరి తెలివిని చదవని లేఅవుట్ తప్పు.

గ్రామకంఠానికే వింత యోగం పట్టింది. అక్కడ లేఅవుట్ లేదు, ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ అంటే సెట్‌బ్యాక్ లేదు, చాలా ఇళ్ళకు విడిగా సర్వే నంబర్ కూడా లేదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఎక్కడ చూసినా మెయిన్ రోడ్డు మీది అద్దాల మేడ వెనక సందులోకి తిరిగితే పాత ఊరు తగులుతుంది. ఎడ్లబండి వెడల్పు సందు, దానికి రెండు వైపులా వంద గజాల్లో లేచిన అయిదంతస్తుల హాస్టళ్ళు. బాల్కనీలో నించుని ఎదురింటివాళ్ళకు చాయ్ అందించొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన పిల్లలు, డెలివరీ కుర్రాళ్ళు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన మేస్త్రీలు అక్కడే దిగుతారు. ఎందుకంటే ఉద్యోగానికి నడిచి పోయేంత దగ్గరలో ఆ అద్దెకు దొరికేది అదొక్కటే. కిందటి తరం గొర్లు కాసిన ఇంటాయన ఇప్పుడు ముప్పై గదుల అద్దె వసూలు చేస్తాడు. పోచమ్మకు బోనం మాత్రం తప్పడు. దీన్ని మురికివాడ అనేవాళ్ళున్నారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. ఐటీ కారిడార్ ఇన్నేళ్ళు నడిచింది ఆ సందుల్లోని చవక గదుల పుణ్యాన కూడా.

పేర్లు కూడా ఈ కథనే చెప్తాయి. బౌలి అంటే బావి, కుంట అంటే చిన్న చెరువు, బండ సంగతి చెప్పక్కర్లేదు, బాగ్ అంటే తోట. గూడ, పల్లి, పేట ఒకప్పటి ఊళ్ళు. పక్కనే నగర్, కాలనీ, ఎన్‌క్లేవ్ అని ఉంటే అది మధ్య జాగా నింపిన కాలం. ఒక బస్సు బోర్డు మీది పేర్లు వరసగా చదివితే నగరం ఎక్కడెక్కడ దిగిందో, ఎక్కడెక్కడ నింపుకుందో చాలావరకు తెలిసిపోతుంది.

శివారు అనే మాట చూడండి. ఇంగ్లీషు సబర్బ్‌కు బదులుగా ఇప్పుడు పత్రికలన్నీ వాడే మాట ఇదే. కానీ మన రెవెన్యూ భాషలో శివారంటే ఊరి పొలాలు ముగిసే చోటు. నగరానికి కాదు, ఊరికి ఉండేది శివారు. ‘హైదరాబాద్ శివారులో ప్రమాదం’ అని రాసినప్పుడల్లా ఆ చోటు ఫలానా ఊరి నడిబొడ్డు కావచ్చు.

సర్కారు లెక్క మాత్రం ఎప్పుడూ ఒక అడుగు వెనకే. పట్టణం కావడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రభుత్వం మునిసిపాలిటీ అని ప్రకటించడం. 2007లో ఎల్బీనగర్, ఉప్పల్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి లాంటి పన్నెండు మునిసిపాలిటీలను పాత కార్పొరేషన్‌లో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు, సుమారు 170 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్క సంతకంతో 600 దాటింది. రెండోది జనగణన దారి. పంచాయతీగా ఉన్నా సరే, జనాభా అయిదు వేలు దాటి, చదరపు కిలోమీటరుకు నాలుగు వందల మంది ఉండి, పని చేసే మగవాళ్ళలో 75 శాతం మంది వ్యవసాయం కాని పనిలో ఉంటే అది పట్టణమే. మగవాళ్ళనే ఎందుకు లెక్కపెడతారో ఆలోచించండి. నగరం అంచున ఇంటాయన క్యాబ్ నడుపుతుంటే పొలం పని చేసేది ఇంటావిడ. ఆమె చేను లెక్కలోకి రాదు, ఊరు పట్టణమైపోతుంది.

రింగ్ రోడ్డు అవతల ఇప్పుడు మూడో రకం నేల ఒకటి తయారైంది, దానికి ఈ లెక్కల్లో పేరే లేదు. షాద్‌నగర్ వైపు గానీ, యాచారం, శంకర్‌పల్లి వైపు గానీ పొండి. రోడ్డు మీద పెద్ద కమాను, లోపల నలభై అడుగుల రోడ్లు, వీధి దీపాల స్తంభాలు, గజాల లెక్కన పాతిన తెల్లరాళ్ళు. వెంచర్ అంటారు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయి ఏళ్ళయి ఉంటుంది, ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. కొన్నవాళ్ళు కరీంనగర్‌లోనో, విజయవాడలోనో, డాలస్‌లోనో ఉంటారు. సాగు ఆగిపోయింది కాబట్టి పల్లె కాదు, మనిషి లేడు కాబట్టి పట్నమూ కాదు. పక్క ఊరి మగవాళ్ళు అదే వెంచర్‌లో కాపలాకో, రింగ్ రోడ్డు మీద టోల్‌గేటు పనికో పోతారు. 2027 జనగణనలో ఆ పక్క ఊరు పట్టణం కింద పడొచ్చు. వెంచర్‌లో మాత్రం తలుపు తట్టడానికి ఇల్లే లేదు. ఆ తెల్లరాళ్ళ మధ్య ప్రస్తుతానికి పక్క ఊరి గొర్లు మేస్తున్నాయి.